బుధవారం సాయంత్రం, జంట టవర్ల కింద

కౌలాలంపూర్‌లో మా ఇంటికి చుట్టాలెవరొచ్చినా మొదటి సాయంత్రం కేఎల్‌సీసీ పార్కుకే తీసుకెళ్తాం. జంట టవర్లని మెడ వెనక్కి వంచి చూడటం, కొన దాకా ఫోటోలో పట్టాలని మావారు నేలమీద పడుకుని తీయడం, తర్వాత లోపల మాల్‌లో ఐస్‌క్రీమ్. మీలో మలేషియా వచ్చినవాళ్లందరూ ఇదే చేసి ఉంటారు.

నేను మాత్రం ఆ పార్కుకి ప్రతి బుధవారం సాయంత్రం ఆరింటికి వెళ్తాను. ఎందుకని అడిగితే మా అత్తగారికి "వాకింగ్" అని చెప్పాను. అబద్ధం కాదు, నడుస్తాం కూడా. కానీ అసలు పని రెయిడ్.

భయపడకండి, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల రెయిడ్ కాదు. పోకెమాన్ గో అనే ఫోన్ ఆటలో రెయిడ్. ఈ ఆట మలేషియాలో 2016 ఆగస్టులో మొదలైంది. ఫోన్ పట్టుకుని నిజమైన వీధుల్లో తిరుగుతూ బొమ్మ జంతువుల్ని పట్టుకోవాలి. మరుసటి ఏడాది రెయిడ్లు వచ్చాయి. పార్కులో ఫలానా చోట ఒక పెద్ద జంతువు కూర్చుంటుంది. దాన్ని ఒక్కరు ఓడించలేరు. కనీసం నలుగురైదుగురు గట్టివాళ్లు ఒకే చోట చేరి, ఒకేసారి మొదలుపెట్టి, ఐదు నిమిషాల్లో పడగొట్టాలి. ఒక జట్టులో ఇరవై మంది దాకా చేరొచ్చు. బుధవారం ఆరు నుంచి ఏడు దాకా ఇలాంటి పెద్ద జంతువులు ఊరంతా లేస్తాయి. ప్రపంచంలో ఏ ఊళ్లో అయినా అక్కడి టైము ప్రకారం అదే గంట.

నేనెలా ఇరుక్కున్నానంటే, మా పాప వల్ల. దానికి పదమూడేళ్లు. రోజుకి ఒక పాస్ ఉచితంగా వస్తుంది, వాడకపోతే మురిగిపోతుంది. "ఇవాళ నాకు ట్యూషనుంది, ఒక్కటి కొట్టిపెట్టమ్మా" అని ఫోన్ నా చేతిలో పెట్టింది. కూరగాయలకి ఎలాగూ బయటికెళ్తున్నాను కదా అని వెళ్లాను. మూడు వారాల తర్వాత నా ఫోన్‌లో నాకే ఖాతా ఉంది. బీఎస్సీ ఫిజిక్స్ చదివి, పెళ్లయ్యాక రాజమండ్రి నుంచి హైదరాబాదు, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చిన దాన్ని. ఏ జంతువు మీద ఏ దెబ్బ ఎంత పనిచేస్తుందో పట్టిక వేసుకుంటుంటే చాలా ఏళ్ల తర్వాత ల్యాబ్ రికార్డు రాస్తున్నట్టు అనిపించింది.

మాటల్లేని గుంపు

మేముండే సెతియావాంగ్సా నుంచి కేఎల్‌సీసీకి ఎల్‌ఆర్‌టీ రైల్లో ఐదో స్టేషను. పైకొచ్చి, మాల్ దాటి, వెనక తలుపులోంచి పార్కులోకి వెళ్తే ముందు చెరువు, ఫౌంటెన్లు. ఈ పార్కుకి రూపమిచ్చింది బ్రెజిల్‌కి చెందిన రాబర్తో బుర్లె మార్క్స్. 1994లో ఆయన పోయారు, ఆయన చివరి పనుల్లో ఇదొకటి. యాభై ఎకరాలు. ఊరి నడిబొడ్డున, గజం ధర ఎంతో ఊహించలేని చోట, యాభై ఎకరాలు చెట్లకి వదిలేశారంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. పిల్లలకి ఆటస్థలం, మోకాలి లోతు నీళ్ల కొలను, నీళ్లలోంచి ఎగురుతున్నట్టు ఒక తిమింగలం బొమ్మ ఉంటాయి. కొలను గట్టు మీద ఎవరైనా ఎక్కితే గార్డు విజిల్ వేస్తాడు.

బుధవారం ఆరింటికి చెరువు పక్క మెట్ల మీద ఒక గుంపు చేరుతుంది. చేతిలో రెండు ఫోన్లతో ఒక చైనీస్ తాతగారు, హిజాబ్ కట్టుకున్న ఇద్దరు మలయ్ అక్కచెల్లెళ్లు, ఆఫీసు మెడబిళ్ల తీయకుండా వచ్చే కుర్రాళ్లు, నుదుట చిన్న విభూతి గీతతో ఒక పెద్దావిడ, చిన్నోడి చెయ్యి పట్టుకుని నేను. మా చిన్నోడికి ఐదేళ్లు.

ఈ గుంపులో ఎవరూ మాట్లాడుకోరు. ఆటలో మాట్లాడే ఏర్పాటు లేదు, మెసేజ్ పెట్టుకునేదీ లేదు. బయట ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులోనూ మాటలుండవు, గుర్తులే. "+2" అంటే ఇద్దరం వస్తున్నాం. "తుంగ్గు" అంటే ఆగండి. "చుకుప్" అంటే సరిపడా ఉన్నాం. "జోమ్" అంటే పదండి. ఈ మూడు మలయ్ మాటలు నేను నేర్చుకున్నది మెట్ల మీదే, క్లాసులో కాదు. బయటివాళ్లు చొరబడకుండా వేరే గది పెట్టుకోవాలంటే దాని తాళం కూడా మాట కాదు, మూడు బొమ్మలు. పికాచు, పికాచు, స్క్వర్టిల్ అనుకోండి. తాతగారు ఫోన్ ఎత్తి చూపిస్తారు, అందరం అవే నొక్కుతాం. మలయ్, చైనీస్, తమిళం, ఇంగ్లీషు, తెలుగు, ఏదీ అక్కర్లేదు. రెండు నిమిషాల గడియారం తిరిగి, అందరి ఫోన్లూ ఒకేసారి వణికి, యుద్ధం మొదలవుతుంది. ఐదు నిమిషాల్లో ముగుస్తుంది. తలలూపుకుని, తర్వాతి చోటుకి నడుస్తాం.

నాకు ఆ మౌనం హాయిగా ఉండేది, నిజం చెప్తున్నా. ఇంగ్లీషులో వాక్యం మొదలుపెట్టి మధ్యలో తడబడతానని భయపడే నాలాంటి వాళ్లకి, మాట్లాడకుండానే పదిహేను మందిలో ఒకరిగా ఉండగలగడం చిన్న సంగతి కాదు. స్కూల్ పేరెంట్స్ మీటింగులో రాని ధైర్యం అక్కడొచ్చేది.

మావారి హాస్టలు పాఠం

ఒక రాత్రి భోజనాల దగ్గర ఈ మాటే అన్నాను. "చూశారా, ఆటకి మాటలతో పనిలేదు."

మావారు ఒప్పుకోలేదు. "మీది ఆట కాదు, బస్సు కోసం లైన్లో నిలబడటం. అందరూ స్క్రీన్ మీద పొడుస్తూ కూర్చుంటారు. ఎవరికీ వేరే పని లేదు. అసలు రెయిడ్‌లో గొంతు లేకుండా కుదరదు."

ఆయన ఇంజనీరింగ్ హాస్టల్లో కౌంటర్‌స్ట్రైక్ ఆడిన బ్యాచ్. హెడ్‌ఫోన్లకి మైకులు కూడా ఉండేవి కాదట. గది గోడల మీంచి "ఎడమ పక్కన ఉన్నాడ్రా!" అని అరుచుకునేవాళ్లట. అదే వాళ్ల వాయిస్ చాట్. అమెరికాలో ఉన్న ఆయన ఫ్రెండు 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆడేవాడు. దాంట్లో నలభై మంది కలిసి గంటల తరబడి చేసే రెయిడ్లుండేవి. ఒకళ్లు దెబ్బలు కాస్తారు, కొందరు వైద్యం చేస్తారు, మిగతావాళ్లు కొడతారు. ఒక్కడు రెండడుగులు తప్పు వేస్తే నలభై మందీ పోతారు. ఆటలో మాట్లాడే ఏర్పాటు 2007 దాకా లేదు కాబట్టి, టీమ్‌స్పీక్, వెంట్రిలో లాంటి వేరే సాఫ్ట్‌వేర్లు పెట్టుకుని మాట్లాడుకునేవాళ్లు. 2015లో డిస్కార్డ్ వచ్చాక ఆ పని తేలికైంది.

ఆలోచిస్తే ఇది ఫిజిక్సే. ఆడేవాడి కళ్లు స్క్రీన్ మీద, వేళ్లు మీటల మీద. టైప్ చేయాలంటే రెండూ వదలాలి. ఖాళీగా ఉన్న దారి ఒక్కటే, చెవి. అత్యవసరమైన సమాచారం అందులోంచే పంపాలి. వంటింట్లో రెండు చేతులూ పిండిలో ఉన్నప్పుడు "పాలు పొంగుతున్నాయే!" అని కేకేస్తాం కానీ చీటీ రాసి పంపం కదా.

అయితే గొంతుంటే క్రమశిక్షణ వస్తుందనీ కాదు. మావారే 2005 నాటి ఒక వీడియో చూపించారు. ఒక జట్టు మైకుల్లో లెక్కలతో సహా బ్రహ్మాండంగా వ్యూహం వేసుకుంటుంటే, ఆ చర్చ విననివాడొకడు లీరాయ్ జెంకిన్స్ అని తన పేరే అరుచుకుంటూ లోపలికి దూకుతాడు. అందరూ వాడి వెనక పరిగెత్తి చస్తారు. అది నటించిందేనని చేసినవాళ్లే తర్వాత చెప్పారు. కానీ జనం ఇన్నేళ్లుగా నవ్వుతున్నారంటే, అందరి జట్టులోనూ అలాంటివాడొకడు ఉంటాడన్నమాట. మా పెళ్లిళ్లలో భోజనాల బంతి మొదలవకుండానే స్వీటు వడ్డించే బాబాయి గుర్తొచ్చాడు నాకు.

మాటల్ని తగ్గించిన ఆటలూ ఉన్నాయి. 2012లో వచ్చిన జర్నీలో ఇద్దరు అపరిచితులు ఎడారిలో కలిసి నడుస్తారు. మాట, పేరు ఏమీ తెలియవు. పిట్ట కూతలాంటి ఒక చప్పుడు చేయగలరు, అంతే. 2019లో వచ్చిన ఏపెక్స్ లెజెండ్స్‌లో ఒక మీట నొక్కితే "ఇక్కడ శత్రువు", "ఇక్కడ మందుగుండు" అని గుర్తు పడుతుంది. మైకు లేకుండానే చాలావరకు ఆడేయొచ్చు.

మా పాప మైకు

ఈ చర్చంతా పాప వింటోంది. అది ఐదుగురేసి జట్టుగా ఆడే వేరే ఫోన్ ఆట కూడా ఆడుతుంది. మలేషియాలో ఈ రకం ఆటలకి ఎంత పిచ్చో చెప్పాలంటే, మొబైల్ లెజెండ్స్ మొదటి ప్రపంచ పోటీ 2019లో ఇక్కడే, బుకిత్ జలీల్‌లోని ఆక్సియాటా అరీనాలో జరిగింది. 2024 డిసెంబర్‌లో ఆరో పోటీ ఫైనల్ మళ్లీ అక్కడే. బ్యాడ్మింటన్ చూసే హాల్లో జనం ఫోన్ ఆట చూడటానికి నిండిపోయారు. అక్కడ ఆటగాళ్లందరికీ హెడ్‌సెట్లుంటాయి, ఆపకుండా మాట్లాడుకుంటూనే ఆడతారు.

"మరి నువ్వు మైకు వాడవేం?" అని మావారు అడిగారు.

పాప కంచంలోకి చూస్తూ చెప్పింది. ఒకసారి వాడిందట. "వెనక్కి రండి" అన్నదట, అంతే. ఒకడు ఆ గొంతుని వెక్కిరించాడట. ఇంకొకడు "అమ్మాయివా? ఎంత వయసు?" అని అడిగి, ఆట అయ్యేదాకా వదల్లేదట. అప్పట్నుంచి గుర్తులతోనే ఆడుతోంది. దాని పేరు కూడా అబ్బాయి పేరులా మార్చుకుంది. "మైకు లేకపోతే ఓడిపోతాం కొన్నిసార్లు. పర్లేదు" అంది.

ఆ "పర్లేదు" నాకు గుచ్చుకుంది. మాట్లాడనక్కర్లేని చోట మాట్లాడకపోవడం వేరు, మాట్లాడాల్సిన చోట భయపడి నోరు మూసుకోవడం వేరు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. నా మెట్ల మీది మౌనం వీటిలో ఏదో ఆ రాత్రి తేల్చుకోలేకపోయాను.

వాన పడే ముందు

తేలింది ఇంకో బుధవారం. అప్పటికి ఎనిమిది నెలలుగా వెళ్తున్నాను. ఆ సాయంత్రం ఆకాశం నల్లగా కమ్ముకొచ్చింది. ఈ ఆటలో ఒక చమత్కారం ఉంది. నిజంగా వాన పడుతుంటే నీటి జంతువులకి బలం పెరుగుతుంది. కౌలాలంపూర్ సాయంత్రాలు ఎలాంటివో మీకు తెలుసు కదా, అందుకే అందరూ హుషారుగా ఉన్నారు. తాతగారు ఫోనెత్తి మూడు బొమ్మలు చూపించారు. గది నిండింది. యుద్ధం మొదలైంది. రెండు చేతులూ కావాల్సి వచ్చి చిన్నోడి చెయ్యి వదిలాను.

తలెత్తేసరికి వాడు లేడు.

అటు చూశాను, ఇటు చూశాను. మెట్ల మీద లేడు. ఎదురుగా చెరువు. నాకు మిగతా ప్రపంచమంతా ఆగిపోయింది. "చిన్నా! ఒరేయ్ చిన్నా! ఎక్కడున్నావురా?" అని గొంతు చిరిగేలా అరిచాను. పద్నాలుగు తలలు ఫోన్ల మీంచి లేచాయి, నన్ను చూశాయి. ఎవరికీ అర్థం కాలేదు. వాళ్ల తప్పేం కాదు. సాయం కావాలని ఇంగ్లీషులో అడగాలని తెలుసు. ఒక్క ముక్క రాలేదు నోటికి.

"ఏటమ్మా, పిల్లోడు కనపడ్డం లేదా? ఏ రంగు చొక్కా?"

తెలుగు! విభూతి గీత పెద్దావిడ. నేను ఆశ్చర్యపోయే స్థితిలో లేను. "పసుపు, పసుపు చొక్కా, ఐదేళ్లు" అన్నాను. ఆవిడ వెంటనే గుంపు వైపు తిరిగి "బుడక్ హిలాంగ్! బాజు కునింగ్!" అని కేకేసింది. పిల్లాడు తప్పిపోయాడు, పసుపు చొక్కా. ఆవిడ చెయ్యి చూపించిన దిక్కుకల్లా మనుషులు పరిగెత్తారు. ఆఫీసు కుర్రాళ్లు చెరువు గట్టుకి, మలయ్ అక్కచెల్లెళ్లు ఆటస్థలానికి, తాతగారు మాల్ తలుపు దగ్గర అడ్డంగా. ఎనిమిది నెలలు నోరు విప్పని గుంపు ఒకరికొకరు అరుచుకుంటూ పార్కంతా పరుచుకుంది. ఎక్కడో గార్డు విజిల్ వినిపించింది.

చిన్నోడు పిల్లల కొలను పక్కన దొరికాడు. చెప్పులు రెండూ చేతిలో పట్టుకుని తిమింగలాన్ని చూస్తున్నాడు. మలయ్ చెల్లెలు ఎత్తుకొచ్చింది. వాడిని పట్టుకుని మెట్ల మీద కూలబడి ఫోన్ చూస్తే, ఐదు నిమిషాల గడియారంలో ఇంకా నలభై సెకన్లున్నాయి. జంతువు అలాగే ఉంది. దాన్ని ఎవరూ కొట్టడం లేదు.

తర్వాత వాన కురిసింది. మాల్‌లోకి పరిగెత్తాం. ఆవిడ నాకు తెహ్ తారిక్ కొనిచ్చి, నా చేతులు వణకడం ఆగేదాకా పక్కన కూర్చుంది.

"మీరు తెలుగువారని తెలీదండీ. తమిళులనుకున్నాను" అన్నాను.

"నేనూ నిన్ను అలాగే అనుకున్నానమ్మా" అంది.

ఎనిమిది నెలలు. పక్కపక్కనే.

బాగన్ దతుక్ దారిలో

పిన్నిగారి తాతగారు విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చారు. పేరాక్ రాష్ట్రంలోని బాగన్ దతుక్‌లో కొబ్బరి ఎస్టేటులో పని. ఇక్కడ రబ్బరు, కొబ్బరి తోటల్లోకి ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలెన్నో. వాళ్లే 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. ఇప్పటి మలేషియా తెలుగు సంఘం అదే. రెండో ప్రపంచ తెలుగు మహాసభలు 1981లో జరిగింది కౌలాలంపూర్‌లోనే. పిన్నిగారు అప్పుడు చిన్నపిల్ల. నాన్న భుజాల మీద కూర్చుని అంతమంది తెలుగువాళ్లని ఒక్కచోట చూడటం గుర్తుందట. "మా బడి తమిళమమ్మా, వీధి మలయ్. తెలుగు ఇంట్లో, భజనలో మాత్రమే. మాట్లాడకపోతే పోద్దని మా నాన్న ఇంట్లో వేరే భాష పలకనిచ్చేవాడు కాదు."

మొన్న సెలవులకి ఆవిడ వెంట వాళ్ల ఊరు వెళ్లాం. దారిలో తెలుక్ ఇంతాన్ వాలిన గోపురం దగ్గర ఆగాం. 1885లో కట్టిన గడియార స్తంభం, ఊరికి నీళ్ల ట్యాంకు కూడా అదే. బయటి నుంచి ఎనిమిది అంతస్తుల్లా ఉంటుంది, లోపల మూడే. చిన్నోడు దానికి సరిపడా వంగి నిలబడి ఫోటో దిగాడు. అక్కడి నుంచి బాగన్ దతుక్ దాకా నేలంతా చదును, రెండు పక్కలా కొబ్బరిచెట్లు, పామాయిల్ తోటలు. కారులో నిద్రపోయి లేస్తే కోనసీమ అనుకుంటారు. ఆవిడ చుట్టాలింట్లో ముసలమ్మగారు నన్ను "ఏ ఊరు పిల్లవి?" అని అడిగి, రాజమండ్రి అంటే "గోదారి నీళ్లున్న ఊరు కదా" అంది. ఆవిడ ఎప్పుడూ గోదావరి చూడలేదు, విన్నదంతే.

ఇంతకీ మైకు కావాలా?

మా ఇంట్లో తేల్చుకున్నది ఇది. అన్నీ అనుకున్నట్టు జరిగే పనికి గొంతు అక్కర్లేదు. గుర్తులు, గడియారం, మూడు బొమ్మలు చాలు. అనుకున్నది తప్పినప్పుడు గొంతు తప్ప ఇంకేదీ పనికిరాదు. ఆ క్షణం కోసం, పక్కన నిలబడ్డవాళ్ల గొంతు ముందే కాస్త ఎరిగి ఉండాలి. మా గుంపులో ఎవరికీ నా పేరు తెలియదు కాబట్టే కదా ఆ మొదటి పది సెకన్లు ఎవరూ కదల్లేదు!

పాపకి నియమాలు పెట్టాం. కాదు, అదీ కూర్చుని పెట్టుకుంది. ముక్కూ మొహం తెలియనివాళ్లతో ఆడితే మైకు ఆఫ్, అవతలివాళ్ల గొంతు కూడా ఆఫ్. స్కూల్ స్నేహితులు నలుగురితో ఆడితే మైకు ఆన్, హాల్లో కూర్చుని. ఎవడైనా తిక్కగా మాట్లాడితే జవాబివ్వకుండా రిపోర్ట్ చేసి, మాకు చెప్పడం. చెప్పినందుకు ఫోన్ లాక్కోబోమని మా వైపు నుంచి మాట. ఈ ఆఖరిది మావారికి కష్టమైంది కానీ, అది లేకపోతే మిగతావి నిలబడవు. 2024లో రియాద్‌లో మొబైల్ లెజెండ్స్‌కి ఆడవాళ్ల ప్రత్యేక పోటీ జరిగితే ఫిలిప్పీన్స్ జట్టు గెలిచింది. ఆ వీడియోలు పాప ఇప్పుడు మళ్లీ మళ్లీ చూస్తోంది. నిన్న హాల్లోంచి "వెనక్కి! వెనక్కి రండి!" అని దాని గొంతు ఖంగున వినిపించింది. నేను వంటింట్లోనే ఉండిపోయాను.

మీరు కౌలాలంపూర్ వస్తే, బుధవారం ఆరింటికి మెట్ల దగ్గరికి రండి. గొడుగు మర్చిపోకండి. పిల్లలుంటే ఒకరు ఆడాలి, ఒకరు చెయ్యి పట్టుకోవాలి. ఇప్పుడు పిన్నిగారు, నేను వంతులేసుకుంటున్నాం. చీకటి పడ్డాక ఫౌంటెన్లకి రంగు దీపాలు వెలుగుతాయి, అది కూడా చూసి వెళ్లండి. మెట్ల మీద ఫోన్లోకి తలవంచుకుని ఎవరైనా కనిపిస్తే, తమిళులేమో, మలయ్ వాళ్లేమో అని మనసులో అనుకుని ఊరుకోకండి. "మీది ఏ ఊరండీ?" అని తెలుగులోనే ఒకసారి అడిగి చూడండి.